కథల్లో బామ్మలూ, వంటింట్లో మరలూ

తెనాలిలో ఆ మధ్య ఒక చిన్న సాహిత్య సభకి పిలిస్తే వెళ్ళాను. నా నవల గురించి నాలుగు మంచిమాటలు చెబుతారనే వెళ్ళానని వేరే చెప్పక్కర్లేదు. చెప్పారు కూడా. దండ వేశారు, శాలువా కప్పారు, కాఫీ ఇచ్చారు. అంతా అయి మెట్లు దిగుతుంటే డెబ్బై దాటిన ఒకావిడ చేతికర్ర ఊతంతో నా పక్కకి వచ్చింది.

"అమ్మాయ్, నీ సీరియల్ చదివాను. అందులో బామ్మ గ్యాసు బండని చూసి వీధిలోకి పరుగెత్తింది గదా?"

అవునన్నాను, మెచ్చుకుంటుంది కాబోలని ముందే నవ్వు సిద్ధం చేసుకుని.

"నేను ఆ బండ కోసం పదకొండేళ్ళు ఎదురుచూశానమ్మా. రేపల్లెలో ఊకపొయ్యి దగ్గర పొగ మింగీ మింగీ నా కళ్ళు పోయినయ్. బండ ఇంటికొచ్చిన రోజున దానికి పసుపు రాసి బొట్టు పెట్టాను. ఆ పరుగెత్తిన బామ్మ ఎవరో గాని, నేనైతే ఎరగను" అంది. ఇంతలో కోడలు ఆటో పిలిచింది. ఆవిడ ఎక్కి వెళ్ళిపోయింది. నా భుజం మీద శాలువా గుచ్చుకోవడం మొదలెట్టింది.

ఆ రాత్రి బాపట్ల వచ్చే రైల్లో కూర్చుని నా కథలన్నీ మనసులో తిరగేసుకున్నాను. లెక్కపెడితే ఈ ఇరవై ఏళ్ళలో నా బామ్మలు ఏడుగురు తేలారు. ఒకావిడ మిక్సీ మోతకి చెవులు మూసుకుని "భూతం, భూతం" అంది. ఒకావిడ కుక్కరు కూత వేస్తే రైలొచ్చిందనుకుని సంచీ సర్దుకుంది. (ఈ ముక్కకి సంపాదకులు పనిగట్టుకుని ఫోను చేసి మరీ నవ్వారు.) ఇంకొకావిడ టీవీలో వార్తలు చదివే అబ్బాయిని చూసి గబగబా పైట సర్దుకుంది. వేరొకావిడ సెల్‌ఫోన్ని వెనక్కి తిప్పి, మాట్లాడేవాడు అటుపక్క ఉన్నాడేమోనని వెతికింది.

నేనొక్కదాన్నే కాదు లెండి. మన వారపత్రికల కథల్లో ఈ బామ్మ ఆస్థాన విదూషకురాలు. వరస కూడా ఎప్పుడూ ఒకటే. ఇంటికి కొత్త వస్తువు వస్తుంది. బామ్మ బెదురుతుంది. మనవడు నవ్వుతాడు. మూడో పేజీ తిరిగేసరికి బామ్మ ఆ వస్తువుని తనే ఆడించేస్తూ ఉంటుంది. మనవడికి ఆధునికుడని పేరొస్తుంది. ఆ మనవడు ఆ మిక్సీలో ఒక్కనాడైనా పచ్చడి చేశాడా అని ఏ కథలోనూ ఎవరూ అడిగినట్టు నాకు గుర్తు లేదు. నేనూ అడగలేదు.

మొదట్నుంచీ మన హాస్యం ఇలా లేదు సుమండీ. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిష్టరు పార్వతీశం' తీసుకోండి. మొదటి భాగం వచ్చింది 1924లో. మొగల్తూరు నుంచి సీమకి బయల్దేరిన ఆ కుర్రాడు అడుగడుగునా, ప్రతి కొత్త వస్తువు దగ్గరా బోల్తా పడతాడు. దొరసానుల టోపీ కొనుక్కుని నెత్తిన పెట్టుకుంటాడు. అక్కడ కొత్తదనం ముందు తెల్లబోయినవాడు చదువుకున్న మగపిల్లవాడు. పైగా తన కథ తానే చెప్పుకుంటాడు. అంచేత ఆ నవ్వులో చేదు లేదు. తర్వాత వచ్చినవాళ్ళం ఏం చేశాం? ఆ టోపీ తీసి బామ్మ నెత్తిన పెట్టాం. ఆవిడ తిరిగి కథ రాయదు గదా అని ధైర్యం.

మా అమ్మమ్మది రేపల్లె దగ్గర పల్లెటూరు. తెనాలి నుంచి రేపల్లెకి రైలుమార్గం 1916లో పడింది, ఆవిడ పుట్టకముందే. కాలవలో పడవ ఎంతో ఆవిడకి రైలూ అంతే. ఏ యంత్రాన్ని చూసీ ఆవిడ బెదిరినట్టు నేనెరగను. ప్రశ్నలు మాత్రం వేసేది. ఎంతయింది? చెడిపోతే బాగుచేసేవాడు ఊళ్ళో ఉన్నాడా? కరెంటు పోతే ఏం చెయ్యాలి? ఈ మూడే. ఇంజనీర్లు మాత్రం ఇంతకంటే మంచి ప్రశ్నలు ఏం వేస్తారో నాకు తెలియక అడుగుతాను.

మా ఇంట్లో మిక్సీని అడ్డుకున్నది అమ్మమ్మ కాదు, తాతయ్య. పడకకుర్చీలో కూర్చుని, "రోటి పచ్చడి రుచి దానికెక్కడిదే!" అనేవాడు. నిజమే, రాదు. కాని ఆ రుచి దిగేది అమ్మమ్మ భుజాల్లోంచీ, నడుంలోంచీ. ఆయన పచ్చడిబండ ఎత్తగా చూసినవాళ్ళు మా వంశంలో లేరు. మన దేశంలో మిక్సీలు 1960ల్లోనే వచ్చాయి. మా ఇంటికి వచ్చింది 1991లో. ఆ పాతికేళ్ళ పైచిలుకు ఆలస్యం ఎవరి ఖాతాలో రాయాలి? నేను కథ రాసినప్పుడు అమ్మమ్మ ఖాతాలో రాశాను. తాతయ్య పేరెత్తలేదు. ఆయన నాకు పుస్తకాలు కొనిపెట్టేవాడు మరి.

మిక్సీ వచ్చిన వారంలోనే అమ్మమ్మ ఒక సంగతి కనిపెట్టింది. ఆపకుండా తిప్పితే గోంగూర పచ్చడి వేడెక్కి లేపనంలా తయారవుతుంది. బండ నలుపుతుంది, బ్లేడు కోస్తుంది. రెండూ ఒకటి కావు. అందుకని తిప్పీ తిప్పనట్టు తిప్పి ఆపేది. రుచి పోయిందని తాతయ్య నెల్లాళ్ళు అలిగాడు. ఆ తర్వాత రోట్లో నూరిందేదో మిక్సీలో తిప్పిందేదో ఆయనకి తెలియలేదు. ఆ ముక్క ఆయన పోయేదాకా అమ్మమ్మ ఆయనతో అనలేదు.

తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావుగారు భౌతికశాస్త్రం చదివినవారు. కథలతో పాటు సైన్సు వ్యాసాలూ రాశారు. ఆయన కథల్లో ఇంట్లో డబ్బు ఎవరి చేతిలో ఉందో ముందు తెలుస్తుంది. ఎవరి మనసులో ఏముందో తర్వాత తెలుస్తుంది. ఆ చూపు మాకు అబ్బలేదు. మేం బీరువా తాళం ఎవరి బొడ్లో ఉందో చూడకుండానే ఎవరు పాతకాలం మనిషో, ఎవరు కొత్తకాలం మనిషో తేల్చేస్తాం.

ఇక కుక్కరు. ఆవిరి పోకుండా మూత బిగించి వండే గిన్నెని మొట్టమొదట 1679లో లండన్‌లో చేసి చూపించినవాడు డెనీ పపేన్ అనే ఫ్రెంచివాడు. అది మన దేశంలో తయారవడం మొదలైంది 1959 ప్రాంతంలో. అంటే దాదాపు మూడు వందల ఏళ్ళు. మా అమ్మమ్మ దానికి కలిపింది ఓ పాతికేళ్ళే. వెయిటు ఎగిరి మొహాన కొడుతుందేమోనని ఆవిడ కూత వేసేటప్పుడు స్తంభం చాటున నిలబడేది. మేం పిల్లలం పడీపడీ నవ్వేవాళ్ళం. ఆ పపేన్‌కీ అదే భయం వేసింది. గిన్నె పేలుతుందేమోనన్న భయంతోనే, ఆవిరి ఎక్కువైతే తనంతట తాను తెరుచుకునే మూతబిళ్ళ పెట్టాడు. దాన్నే ఇప్పుడు సేఫ్టీ వాల్వు అంటున్నాం. పపేన్ భయపడితే విజ్ఞానం, అమ్మమ్మ భయపడితే హాస్యకథ!

అయితే పాతవాళ్ళ సందేహాలన్నీ మగవాళ్ళ సాకులే అని తేల్చేస్తే నేను మళ్ళీ ఇంకో బొమ్మ గీసినట్టే. బియ్యం సంగతి చూడండి.

మా వైపు బియ్యపు మరలు వచ్చిన కొత్తలో పాతవాళ్ళు ఒకటే మాట అనేవారట: "మర బియ్యంలో సత్తువ లేదు." చదువుకున్నవాళ్ళు నవ్వారట. మల్లెమొగ్గల్లా తెల్లటి అన్నం వదిలేసి ఎర్రగా, తవుడు వాసన కొట్టే దంపుడు బియ్యం ఎవరు తింటారు? తెల్లన్నం తినడమే గొప్పింటి లక్షణం అయిపోయింది. అదే కాలంలో జావా దీవిలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు ఒక వింత చూశాడు. తెల్లబియ్యం తిన్న కోళ్ళకి కాళ్ళు పడిపోయాయి. తవుడుతో ఉన్న బియ్యం పెడితే మళ్ళీ లేచి తిరిగాయి. ఇది 1890ల నాటి మాట. ఆయనకి నోబెల్ బహుమానం వచ్చింది 1929లో. ఈలోగా మన కోస్తా జిల్లాలు, అప్పటి పేరు ఉత్తర సర్కార్లు, బెరిబెరి జబ్బుకి దేశంలోనే పేరుమోశాయి. కాళ్ళు తిమ్మిరెక్కడం, నీరు పట్టడం, చివరికి గుండె ఆగిపోవడం. కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో ముందు మెకారిసన్, 1930ల్లో ఐక్రాయిడ్ ఈ బియ్యం గొడవని శ్రద్ధగా పరీక్షించారు. అరవదేశంలోనూ మరలున్నాయి. అక్కడ మాత్రం ఈ జబ్బు అంతగా లేదు. ఎంచేత? వాళ్ళు తినేది ఉప్పుడు బియ్యం. వడ్లు ఉడకబెట్టినప్పుడు పైపొరలో ఉన్న బి విటమిను గింజలోకి ఇంకుతుంది. తర్వాత మర పట్టినా కొంత నిలుస్తుంది. మనం పచ్చి వడ్లు మర పట్టి, మెరుగు పెట్టి, నాలుగు నీళ్ళు కడిగి, గంజి వార్చి పారబోసి, ఖాళీ అన్నం తిన్నాం.

చూశారా? బామ్మ 'సత్తువ' అన్నదాన్ని కూనూరు వాళ్ళు 'విటమిను' అన్నారు. పేరు ఆవిడకి తెలియదు, అంతే. ఆ పేరు తెలిసినవాళ్ళు వచ్చేలోగా ఎందరి కాళ్ళు పడిపోయాయో.

ఇప్పుడు రెండో వైపు. దంపుడు బియ్యం అనగానే మన సాహిత్యానికి రోకటి పాటలు గుర్తొస్తాయి. నేనూ ఒక నవలలో వెన్నెట్లో ఇద్దరు స్త్రీలు ఒకే రోట్లో పోటు మీద పోటు వేస్తూ పాడుకునే దృశ్యం రెండు పేజీలు రాశాను. ఉత్తరాలు బాగా వచ్చాయి. అమ్మమ్మని అడిగితే, "పాట దేనికే? ఊపిరి తప్పకుండా ఉండటానికి. ఒకళ్ళ పోటు ఒకళ్ళ చేతి మీద పడకుండా ఉండటానికి" అంది. పాటలు సేకరించిన పండితులకి నమస్కారం. వాళ్ళది కవిత్వం, ఆవిడది చేతుల భద్రత, రెండూ నిజమే. కాని నేను పాట రాశాను, అరచేతుల్లో కాయలు రాయలేదు.

ఇంకో సంగతి. కాస్త కలిగిన ఇళ్ళల్లో దంచేది ఇంటి ఆడవాళ్ళు కాదు, కూలికి వచ్చే ఆడవాళ్ళు. నూకలూ, తవుడూ, చేరెడు బియ్యం కూలి. మర రాగానే ఇంటివాళ్ళకి సుఖం, వాళ్ళకి పస్తు. గాంధీగారు 1934లో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టించి దంపుడు బియ్యాన్ని వెనకేసుకొచ్చారు. 1958లో బియ్యపు మరలకి కళ్ళెం వేస్తూ పార్లమెంటు ఒక చట్టమే చేసింది. మరలు ఆగలేదు. రోకలి కింద పెట్టిన ఆ కూలి మనిషి మరని చూసి "అమ్మయ్య" అనుకుందో, "అయ్యో" అనుకుందో, ఒకే నిమిషంలో రెండూ అనుకుందో! నేను చదివిన కథల్లో ఆవిడ మొహం కనబడలేదు. మా ఇంట్లో దంచిన మనిషిని గురించి అమ్మని అడిగాను. మర వచ్చాక ఆవిడ ఏమైందో అమ్మకి గుర్తు లేదు. ఆ తెల్లన్నం మొదటిసారి తిన్న రోజు మాత్రం గుర్తుంది.

అదే దంపుడు బియ్యం ఇప్పుడు కిలో సంచిలో, అందమైన బొమ్మతో, మామూలు బియ్యం కంటే ఎక్కువ ధరకి కొంటున్నాం. చక్కెర జబ్బు వచ్చిన మా వారికి డాక్టరుగారు రాసిచ్చారు. మొదటి ముద్ద నోట్లో పెట్టి, "ఇదేమిటి, సత్తువంతా నా పళ్ళదేనా" అన్నారు.

మరల సంగతి అలా ఉంచండి. మేముండే బాపట్లలో మర లేకుండానే ఒక కొత్తదనం పుట్టింది, విత్తనంలో. ఇక్కడి వ్యవసాయ కళాశాల 1945 నాటిది. వరి పరిశోధనకి పేరున్న ఊరు. దాని సంగతి చెప్పాలంటే ముందు ఐ.ఆర్. ఎయిట్ సంగతి చెప్పాలి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో విడుదల చేసిన పొట్టి వరి అది. పడిపోదు, ఎరువు వేసినకొద్దీ పండుతుంది. పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు 1967లో దాన్ని పండించి చూపించి, 'మిస్టర్ ఐ.ఆర్. ఎయిట్' అనిపించుకున్నారు. బస్తాలు లెక్కపెట్టే చేతులకి అది బంగారం. గరిటె పట్టే చేతులు వేరే మాట చెప్పాయి. గింజ లావు, మధ్యలో సుద్దలాంటి తెలుపు, చల్లారితే అన్నం గట్టిపడుతుంది. మా అమ్మమ్మ వాళ్ళు అమ్మకానికి అది వేసి, తిండికి వేరే రకం వేసుకునేవారట. ఈ మాట తాతయ్య కాస్త సిగ్గుపడుతూ చెప్పేవాడు.

1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చింది. బి.పి.టి. 5204 అని దాని నంబరు. బి.పి.టి. అంటే బాపట్లే. దీని కథ తలకిందులు. రైతులు జంకారు: పంటకాలం ఎక్కువ, తెగుళ్ళు తొందరగా పడతాయి, ఎండాకు తెగులు వస్తే చేను మాడుతుంది. వంటింటికి మాత్రం సన్నటి గింజ, పొడిపొడిగా విచ్చుకునే మెత్తటి అన్నం చూడగానే నచ్చేసింది. అడిగి మరీ కొన్నారు. ధర పలికింది. ధర పలికాక రైతూ తెగుళ్ళ మందు కొట్టుకుంటూనే వేశాడు. అది ఎన్నో రాష్ట్రాలకి పాకింది. ఎండాకు తెగులుకి తట్టుకునేలా హైదరాబాదు శాస్త్రజ్ఞులు దాన్ని మెరుగుపరిచి 2008లో విడుదల చేశారు. ఒక్క మాటలో, అన్నం గిన్నె మూత తీసిన మనిషి ఒక వంగడాన్ని పక్కకి నెట్టింది, ఒకదాన్ని నెత్తిన పెట్టుకుంది. వ్యవసాయం గురించి నేను చదివిన పుస్తకాల్లో 'వినియోగదారుల అభిరుచి' అని రెండు ముక్కల్లో తేల్చేసింది ఈవిడనే.

ఆ సాంబ మసూరి నుంచే, జన్యువు సవరించి తయారుచేసిన 'కమల' అనే రకాన్ని 2025 మే 4న ఢిల్లీలో ప్రకటించారు. పంతొమ్మిది శాతం ఎక్కువ దిగుబడి, ఇరవై రోజులు ముందుగా కోత అన్నారు. కూడదన్నవాళ్ళూ ఉన్నారు. మా ఇంట్లో పనిచేసే మనిషి టీవీలో విని, "తింటే ఏమన్నా అవుద్దా అమ్మా?" అంది. మా అబ్బాయి ఫక్కున నవ్వాడు. అదే నవ్వు! నా ఏడుగురు బామ్మల చుట్టూ నేనే వినిపించిన నవ్వు. నాకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. మర్నాడు తెలిసిన లెక్చరరు ఒకాయన్ని అడిగాను. ఇంకో ప్రాణి జన్యువు తెచ్చి చేర్చలేదనీ, ఉన్న దాన్నే ఒకచోట కత్తిరించారనీ ఓపిగ్గా చెప్పారు. ఆ మాట ఆవిడకి నాకు చేతనైనట్టు చెప్పాను. విని, "కత్తిరిస్తే కత్తిరించార్లే. అన్నం చల్లారితే ఎట్టా ఉంటది?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. లెక్చరరుగారి దగ్గరా లేదు.

ఇక గ్యాసు బండ. రేపల్లె ఆవిడకి నేను బాకీపడింది దాని గురించే. ఇండేన్ గ్యాసు మన దేశంలో మొదటి ఇంట వెలిగింది 1965లో, కలకత్తాలో. ఆంధ్రప్రదేశ్‌లో పేదింటి ఆడవాళ్ళకి ప్రభుత్వమే డిపాజిట్టు కట్టి బండ ఇప్పించిన 'దీపం' పథకం వచ్చింది 1999లో. కేంద్రం వాళ్ళ 'ఉజ్వల' 2016లో. ముప్ఫై నాలుగేళ్ళు, యాభై ఒక్కేళ్ళు. ఇన్నాళ్ళూ ఆ ఆడవాళ్ళంతా గ్యాసుని చూసి భయపడుతూ కూర్చున్నారా? లేదే! డబ్బున్నవాళ్ళకి పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి కాచుకోవడం, లేనివాళ్ళకి అదీ లేదు. రైల్లో కూర్చుని ఈ లెక్క వేసుకుంటుంటే, నా సీరియల్లో బామ్మ పరుగెత్తిన ఆ పేజీ నేనే చింపేయాలనిపించింది.

భయం అసలు లేదనను. కాని ఆ భయం కూడా ఎక్కడిదో చూడాలి గదా. 1980ల్లో పత్రిక తిరగేస్తే స్టవ్వు పేలి కోడలు మృతి అన్న వార్త తరచు కనబడేది. అందులో స్టవ్వు చేసినవి ఎన్నో, మనుషులు చేసినవి ఎన్నో. వరకట్నపు చావులకని శిక్షాస్మృతిలో ప్రత్యేకంగా సెక్షను చేర్చవలసి వచ్చింది 1986లో. ఆ రోజుల్లో వంటింట్లో కొత్త మంట అంటే ఉలిక్కిపడని ముసలావిడ ఉంటే, ఆవిడ పేపరు చదవదన్నమాట. మనవడు ఎందుకు నవ్వాడో నాకిప్పుడు అర్థం కావడం లేదు. నేనెందుకు నవ్వించానో అంతకన్నా అర్థం కావడం లేదు.

వచ్చే సీరియల్లో ఒక బామ్మ ఉంది. రేపల్లె మనిషి. మనవడు ఫోనులో డబ్బు పంపడం నేర్పిస్తుంటే, "తప్పు నంబరుకి పోతే ఎవరిని అడగాలిరా?" అంటుంది. వాడు ఏదో చెప్పబోయి ఆగిపోతాడు. అంతవరకూ రాసి మా అమ్మాయికి చూపించాను. చదివి, "ఇందులో నవ్వేం రావట్లేదమ్మా" అంది.

ఆ పేజీ అలాగే ఉంచాను.